తవుడు పోసి కొనుక్కున్న పేర్లు

ఉత్తరాంధ్రలో ఏ ఇంటి పెళ్లి శుభలేఖనైనా తీసుకుని అడుగుదాకా చదివితే మూడు తరాల మగవారి పేర్లు ఒకే కాగితం మీద కనిపిస్తాయి. పైన ఆశీర్వదించే తాతగారు అప్పలనాయుడో, కూర్మయ్యో, పైడిరాజో అయి ఉంటారు. ఆహ్వానించే తండ్రి శ్రీనివాసరావో, వెంకటరమణో అవుతాడు. అట్టడుగున "మా బాబాయి పెళ్లికి తప్పక రండి" అని పిలిచే పసివాడు ఆరవ్ అయి ఉంటాడు. మొదటి పేరు వినగానే అది ఏ ప్రాంతానిదో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారెవరైనా చెప్పగలరు. రెండో పేరు తెలుగునాట ఎక్కడైనా వినబడుతుంది. మూడో పేరును బట్టి ఆ పిల్లవాడిది జామి అయినా, జైపూర్ అయినా తేడా తెలియదు.

కాలంతోపాటు పేర్లు మారడం సహజమే, దానికి నేను బాధపడను. నన్ను బాధించేది ఈ మార్పుకు మనవాళ్లు చెప్పే కారణం. పాత పేర్లకు అర్థం లేదట, ఉన్నా అది మోటు అర్థమట, కొత్త పేర్లకు మంచి అర్థాలు ఉన్నాయట. ఈ మాట నిజం కాదని, పేరుకు అసలైన అర్థం ఆ పేరు ఎందుకు పెట్టారన్న సంగతిలో ఉంటుందని, ఆ లెక్కన చూస్తే మా తాతల పేర్లు ప్రపంచంలో ఏ జాతి పేర్లకూ తీసిపోవని నిరూపించడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఈ మంచి అర్థాల సంగతి చూద్దాం. బిడ్డ పుట్టగానే పురోహితుడు నక్షత్ర పాదాన్ని బట్టి ఒక అక్షరం చెబుతాడు. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున 108 అక్షరాలు ఉన్నాయి. అశ్వినీ నక్షత్రానికైతే చూ, చే, చో, లా. ఆ అక్షరాన్ని పట్టుకుని తల్లిదండ్రులు ఫోన్‌లో వెతుకుతారు. అక్కడ ప్రతి పేరుకూ ఎదురుగా ఒక్క ముక్కలో అర్థం రాసి ఉంటుంది. ఆరవ్ అంటే శాంతమూర్తి అని రాసి ఉంటే, ఎంత చక్కని పేరో అని బియ్యంలో ఉంగరంతో ఆ పేరే రాస్తారు. సంస్కృతంలో ఆరవం అంటే పెద్ద చప్పుడు, కేక. రవం అన్న మాట తెలిసిన తెలుగువాడెవరికైనా ఈ సంగతి చెప్పకుండానే తట్టాలి. అర్థం కోసం తాతగారి పేరు వదులుకున్న ఇంటికి చివరకు దక్కిన అర్థం ఇది.

నిఘంటువు అర్థం సరిగ్గా ఉన్న చోట కూడా అది మనల్ని ఎంతో దూరం తీసుకుపోదు. జర్మన్ల విల్హెల్మ్ అన్న పేరులో మొదటి ముక్కకు సంకల్పం అనీ, రెండో ముక్కకు శిరస్త్రాణం అనీ అర్థాలు. రెంటినీ కలిపి ఒక భావం లాగబోతే ఏమీ తేలదు, ఎందుకంటే ఆ ప్రాచీన తెగలవారు అయినవాళ్ల పేర్లలోని ముక్కలను తీసి కలిపి బిడ్డకు పెట్టేవారు. విన్నవారికి ఆ కలయికలో వంశం తెలిసేది. మన వంశధార ఒడ్డున కళింగనగరంలో 1078లో పట్టాభిషిక్తుడైన రాజు పేరు అనంతవర్మ చోడగంగ. వర్మ అంటే కవచం. ఆయన తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు, తండ్రి గంగవంశపు రాజు. చోడ అన్న మాటలో తల్లి పుట్టిల్లు, గంగ అన్న మాటలో తండ్రి ఇల్లు నిలబడి ఉన్నాయి, పైగా పుట్టింటి పేరే ముందు వచ్చింది. ఇద్దరు రాజుల మధ్య వియ్యం ఎంత బరువైనదో ఆ పేరు చెప్పినంత తేటగా శాసనం కూడా చెప్పదు.

మా ప్రాంతపు మగవారి పేర్లలో పెద్ద భాగం దేవుళ్ల నుంచి వచ్చింది. అయితే అవి పురాణాల్లోని దేవుళ్ల పేర్లు మాత్రమే కావు, ఫలానా కొండ మీది, ఫలానా ఊరి దేవుళ్ల పేర్లు. సింహాచలం మీది వరాహ లక్ష్మీనృసింహస్వామిని జనం సింహాద్రి అప్పన్న అంటారు. ఆ ఒక్క పిలుపు నుంచి అప్పన్న, అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసయ్య పుట్టుకొచ్చారు. అరసవల్లి నుంచి సూర్యనారాయణలు, సూర్రావులు, శ్రీకూర్మం నుంచి కూర్మారావులు, కూర్మినాయుళ్లు, శ్రీముఖలింగం నుంచి ముఖలింగాలు, రామతీర్థం నుంచి రామతీర్థాలు. నలుగురి పేర్లు వింటే ఆ ఇంటివారు ఏ గుడికి మొక్కుకుంటారో, ఏ దారిన కాలినడకన వెళ్తారో పటం గీయవచ్చు.

కొండ పేరు మనిషికి పెట్టడమేమిటని సింహాచలాన్ని చూసి నవ్వేవారిని నేను చాలామందిని చూశాను. జేవియర్ అన్న పేరు విని మాత్రం వారెవరూ నవ్వరు. అది స్పెయిన్‌లోని నవార్ ప్రాంతంలో ఒక కోట పేరు. బాస్క్ భాషలో దాని మూలార్థం కొత్త ఇల్లు. 1506లో ఆ కోటలో పుట్టిన ఫ్రాన్సిస్ పునీతుడయ్యాక, ఆ చోటు పేరునే కోట్లమంది తమ కొడుకులకు పెట్టుకున్నారు. చోటు పవిత్రమైనప్పుడు దాని పేరు మనిషికి రావడం భక్తిలో మామూలే.

సూర్యనారాయణకు తోబుట్టువులు ఇంకా దూరాన ఉన్నారు. పర్షియన్ల మెహర్‌దాద్ అంటే మిథ్రుడు ఇచ్చినవాడు. ఆ మిథ్రుడు మన వేదాల్లోని మిత్రుడికి దాయాది, తర్వాతి కాలంలో ఆ మాట సూర్యుడికే పేరయింది. గ్రీకుల హీలియోడోరస్ అంటే సూర్యుడి వరం. ఈ పేరుగల ఒక గ్రీకు రాయబారి క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం చివర తక్షశిల నుంచి వచ్చి, నేటి మధ్యప్రదేశ్‌లోని విదిశ దగ్గర వాసుదేవుడికి గరుడ స్తంభం నిలిపి, తనను భాగవతుడినని దాని మీద చెక్కించుకున్నాడు. సూర్యుడి పేరు పెట్టుకుని విష్ణువుకు మొక్కిన ఆ మనిషిని అరసవల్లి తీసుకువచ్చి నిలబెడితే, సూర్యుడిలోనే నారాయణుడిని చూసే మన పేరు ఆయనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. దేవుడు ఇచ్చినవాడు అన్న అర్థంలోనే గ్రీకులకు థియోడోర్, స్లావులకు బొగ్దాన్, యూదులకు నతానియేల్, అరబ్బులకు అతావుల్లా ఉన్నారు. దేవుడి దాసుడని చెప్పుకునే అబ్దుల్లా, ఓబద్యా, మన రామదాసు మరో వరస.

కూర్మినాయుడి దగ్గర కొంచెం ఆగాలి. తాబేలు పేరు పెట్టడం అనాగరికమని అనుకునేవారికి చైనా చరిత్ర మంచి జవాబు. టాంగ్ రాజుల కాలంలో లీ గుయినియన్ అనే గొప్ప ఆస్థాన గాయకుడు ఉండేవాడు. ఆయన పేరులోని గుయి అంటే తాబేలు. దీర్ఘాయువుకు, దైవజ్ఞానానికి ఆనవాలుగా ఆ జంతువును అప్పట్లో గౌరవించేవారు. తర్వాతి శతాబ్దాల్లో చైనాలో తాబేలు అన్నది తిట్టయింది, దాంతో ఆ పేర్లు కనుమరుగయ్యాయి. జపాన్‌లో ఆ తిట్టు పాతుకోలేదు గనుక కామెతారో, కామెకిచి వంటి తాబేలు పేర్లు నిన్నమొన్నటి దాకా నిలిచాయి. జంతువు అదే, అక్షరం అదే. జనం నోటి తీరు ఒకచోట మారింది, ఇంకొకచోట మారలేదు. మన దగ్గర కూర్మావతారానికి ఇంత పెద్ద గుడి ఉండి, ఆ గుడి పేరు పెట్టుకున్నవాడు సిగ్గుపడే రోజు వచ్చిందంటే, దానికి కారణం పేరులో వెతకకూడదు. మా పేర్లను దశాబ్దాలపాటు సినిమాల్లో పనివాళ్లకు, నవ్వించే పాత్రలకు మాత్రమే ఇస్తూ వచ్చారు. తెర మీద సింహాచలం టీ కప్పులు మోస్తాడు, అప్పలరాజు తన్నులు తింటాడు, కథానాయకుడు మరేదో పేరుతో ఉంటాడు. హాలులో కూర్చున్న మా అప్పలరాజు ఆ మాట మనసులో పెట్టుకుని ఇంటికొచ్చి కొడుక్కి మరో పేరు వెతుకుతాడు.

మగపేరు మగదేవుడి నుంచే రావాలన్న నియమం కూడా మా వైపు లేదు. పైడితల్లి అమ్మవారి నుంచి పైడిరాజు, పైడినాయుడు, పోలమ్మ నుంచి పోలినాయుడు, పోలయ్య, నూకాలమ్మ నుంచి నూకరాజు వచ్చారు. గౌరినాయుడు సరేసరి. విజయదశమి తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి పండుగ సిరిమాను ఊరేగేటప్పుడు, పైడిరాజూ అని ఒకసారి గట్టిగా పిలిస్తే ఎన్ని తలలు తిరుగుతాయో నేను చెప్పనక్కరలేదు. కాథలిక్ దేశాల్లో మగవాడికి హొసే మరియా అని, జాఁ మరీ అని కన్యమరియ పేరు కలిపి పెడతారు. జర్మన్ భాషలో రాసిన కవి రిల్కే పూర్తి పేరులో మరియా ఉంది. అమ్మ కాపాడుతుందన్న నమ్మకం ఉన్నచోట కొడుకు పేరులో ఆమె నిలవడంలో వింత లేదు.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణమైన పేర్ల దగ్గరికి వస్తాను. తవిటయ్య, తవిటినాయుడు, తవుడు, పెంటయ్య, పెంటన్న, పుల్లయ్య. కొత్త తరం మొట్టమొదట దాచేస్తున్న పేర్లు ఇవే. పుట్టిన పిల్లలు వరసగా చనిపోయిన ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, ఆ బిడ్డను చేటలో పడుకోబెట్టి ఇరుగుపొరుగు ఆడమనిషికి తవుడుకు అమ్మేవారు. లేదా పెంటకుప్ప మీద పెట్టి, దొరికినవాడిగా ఎత్తుకుని తెచ్చేవారు. తిన్న విస్తరిలో, అంటే పుల్లాకులో, పడుకోబెట్టి లాగేవారు. మా వీధిలో ఒక ముసలమ్మ ఈ సంగతి నాకు చెప్పినప్పుడు ఆమె చేతులు గాలిలోనే చేటను పట్టుకున్నట్టు వంగాయి. "ముగ్గురు పోయినారు బాబూ. నాలుగోవోడిని సేటలో ఎట్టి ఎదురింటోలకి అమ్మీసినాను. దోసెడు తవుడు పోసి కొనుక్కున్నాది. ఈడు మావోడు కాదని సావుకి సెప్పినాం. అది ఇనుకున్నాది," అంది. ఆ నాలుగోవాడే ఈనాటికీ ఆమెకు అన్నం పెడుతున్న తవిటినాయుడు.

ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో దాదాపు 200 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవారు. 2020 నాటికి దేశంలో ఆ సంఖ్య 28, ఆంధ్రప్రదేశ్‌లో 24. ఆసుపత్రులూ, టీకాలూ రాని రోజుల్లో తల్లి చేతిలో మిగిలిన ఆయుధం ఒక్కటే, మృత్యువును మాటతో పక్కదారి పట్టించడం. విలువైనది దొంగ కంటపడుతుంది గనుక విలువలేనిదని చాటింపు వేయడం. తవుడు అన్న మాటకు నిఘంటువు ఇచ్చే అర్థంలో ఈ భయమూ లేదు, ఈ ప్రేమా లేదు.

ఇదే పని ప్రపంచమంతా చేసింది. తుర్కులకు సాతిల్మిష్ అనే మగపేరు ఉంది. దాని అర్థం అమ్ముడుపోయినవాడు. తవుడుకు అమ్మిన మా తవిటయ్యకు ఇంతకంటే దగ్గరి చుట్టం నాకు ఎక్కడా దొరకలేదు. దుర్సున్ అంటే వీడు నిలవాలి అని, యషార్ అంటే బతుకుతాడు అని. మంగోలులు నెర్‌గుయ్ అని పెడతారు, పేరు లేనివాడు అని. హున్‌బిష్ అని పెడతారు, మనిషి కాదు అని. చైనా పల్లెల్లో గౌషెంగ్ అంటే కుక్క తినగా మిగిలినది. తూర్పు ఐరోపా యూదులు ప్రాణం మీదికి వచ్చిన పసివాడిని ఆల్టర్, అంటే ముసలివాడు అని పిలిచేవారు, మృత్యుదూత వచ్చి పసివాడి కోసం వెతికితే దొరకకూడదని. ఆఫ్రికాలో యొరుబా జాతివారు చనిపోయి మళ్లీ మళ్లీ అదే తల్లి కడుపున పుట్టే బిడ్డను అబికు అంటారు. అలాంటి బిడ్డకు పెట్టే పేర్లలో కొసొకొ ఒకటి: గొయ్యి తవ్వడానికి పార లేదు అని. నీకు గొయ్యి తవ్వేందుకు మా దగ్గర పనిముట్టు లేదు కాబట్టి ఉండిపో అని బిడ్డను బతిమాలడం అది. ఆ పేరుతోనే ఒకాయన 1845 నుంచి 1851 దాకా లాగోస్‌కు రాజుగా ఉన్నాడు. ఆయన తన పేరు మార్చుకోలేదు.

సెర్బియాలో 1787లో పుట్టిన ఒక పిల్లవాడికి, అంతకుముందు పుట్టినవాళ్లంతా పోయారు గనుక, మంత్రగత్తెలు దరిచేరకుండా వూక్, అంటే తోడేలు, అని పేరు పెట్టారు. అతడు పెరిగి పెద్దవాడై వూక్ కరాజిచ్ అన్న పేరుతో మాట్లాడినట్టే రాయాలి అని ఉద్యమం నడిపి సెర్బియన్ భాషకు కొత్త లిపిని, వ్యాకరణాన్ని, నిఘంటువును ఇచ్చాడు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు ఇదే పోరాటం తెలుగులో చేశారు. తల్లి భయంతో పెట్టిన పేరు ఒక జాతి భాషకే గౌరవమయిందని తెలిసిన నాటినుంచి, పెంటయ్య అన్న పేరు విని పెదవి విరిచేవాళ్ల దగ్గర నేను వూక్ కథ చెప్పకుండా ఊరుకోలేదు.

గిడుగువారు సవర భాషకు నిఘంటువు రాసిన మన్యంలో మరో రకం పేర్లు ఉన్నాయి. పుట్టిన వారాన్ని బట్టి సోమ, మంగ, బుధ, సుక్ర అని పెట్టుకుంటారు. పశ్చిమాఫ్రికాలో ఘానా దేశపు అకాన్ జాతివారి పద్ధతి సరిగ్గా ఇదే: ఆదివారం పుడితే క్వాసి, శనివారం పుడితే క్వామె, శుక్రవారం పుడితే కోఫి. ఐక్యరాజ్య సమితికి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫీ అన్నన్ 1938 ఏప్రిల్ 8న, శుక్రవారం పుట్టారు. సీతంపేట సంతలో సుక్రయ్య అన్న పిలుపు విన్నప్పుడు ఆ పేరు ఎంత దూరం వరకు చెల్లుతుందో మనవాళ్లు తలచుకోవాలి.

నా వాదనకు ఇక్కడ ఒక గట్టి అడ్డంకి ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. తక్కువ పేర్లన్నీ తల్లి ప్రేమతో పెట్టినవే కావు. మనుస్మృతి రెండో అధ్యాయం బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా, క్షత్రియుడి పేరు బలాన్ని సూచించేదిగా, వైశ్యుడి పేరు ధనంతో కూడినదిగా, శూద్రుడి పేరు జుగుప్స కలిగించేదిగా ఉండాలని శాసించింది. మా ఊళ్లలో ఒకే అప్పన్న దేవుడి పేరు ఒక ఇంట్లో అప్పలనరసింహరాజుగారు అయింది, ఇంకొక ఇంట్లో అప్పలస్వామి అయింది, ఊరి చివర అప్పడు అయింది. దేవుడు ఒక్కడే, పేరు చివర ఏ తోక తగిలించాలన్నది మాత్రం పిలిచేవాడి పెత్తనం. తెల్ల యజమానులు అమెరికాలో బానిసలకు పాంపీ, కేటో, సీజర్ అని రోమన్ మహావీరుల పేర్లు పెట్టేవారు. అర్థం చూస్తే గొప్ప పేర్లే, పెట్టిన తీరులో మాత్రం అవమానం ఉంది. బాక్సర్ కాషియస్ క్లే 1964లో ఆ పేరు బానిస పేరని వదిలేసి మహమ్మద్ అలీ అయ్యాడు. అలాగే తాతను డు అని పిలిచిన ఊరి నోటికి జవాబుగా మనవడు పేరు మార్చుకుంటే, అతడిని వేలెత్తి చూపే హక్కు నాకు గానీ మరొకరికి గానీ లేదు. అయితే చాలా ఇళ్లలో తీసేయవలసిన తోకను తీసేయడానికి బదులు దేవుడినే తీసేస్తున్నారు. అప్పడిని అప్పలస్వామిగారు అని పిలిపించుకోవడం కూడా ఒక పోరాటమే, మా పెద్దలు కొందరు అది చేసి గెలిచారు.

ఆ పేర్లను సముద్రం దాటించి కాపాడుకున్నవారు కూడా మనవారే. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ రేవుకు చేరింది. 1911 దాకా సాగిన ఆ వలసలో నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు ఉన్నారు; నేటి శ్రీకాకుళం, విజయనగరం అప్పట్లో ఆ జిల్లాల్లోనివే. కాగితాల్లో ఇంటిపేరు అన్న గడిలో తండ్రి పేరు పడింది, అది తరతరాలకు ఇంటిపేరుగా స్థిరపడింది. అలా దక్షిణాఫ్రికాలో ఈనాటికీ అప్పలసామి, అప్పలరాజు, నాయుడు ఇంటిపేర్లుగా ఉన్నాయి. తెలుగు మాట్లాడడం మరిచిన ఇళ్లలో కూడా సింహాద్రి అప్పన్న ఉన్నాడు.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం మనకు ఉంది, గ్రీకులకు ఉంది. తూర్పు ఐరోపా యూదులు చనిపోయిన పెద్దల పేర్లు మాత్రమే పెడతారు. చైనాలో పెద్దల పేరులోని అక్షరం పిల్లలకు పెట్టడమే తప్పు. చక్రవర్తుల కాలంలో వారి పేరులోని అక్షరమైతే దేశమంతా మానుకోవలసి వచ్చేది, కాంగ్‌షీ చక్రవర్తి పేరుకు అడ్డం వస్తుందని బీజింగ్ రాజప్రాసాదపు ఉత్తర ద్వారం పేరే మార్చారు. మన కోడళ్లు ఈ రెండు మర్యాదలనూ ఒకే ఇంట్లో నడిపారు. కొడుక్కి మామగారి పేరు పెట్టుకుంటారు, ఆ పేరు నోట పలకరు. అన్నానికి పిలవాలంటే "మావయ్యా, రా" అనో, "నానా" అనో పిలుస్తారు. మూడేళ్ల పిల్లవాడు మావయ్యా అన్న పిలుపుకు పరుగెత్తుకొచ్చి పీట మీద కూర్చోవడం చూసిన ఇళ్లవారికి, తాత పేరు పెట్టడంలో ఏముందో వేరే చెప్పనక్కరలేదు.

బడిలో హాజరు పిలిచేటప్పుడు తోటి పిల్లలు నవ్వితే ఆ బాధ మోసేది పసివాడు గానీ వ్యాసం రాసేవాడు కాదని నన్ను ఒక తల్లి నిలదీసింది. ఆమె మాట సబబైనదే. అందుకే ఆరవ్‌ను తీసేసి తవిటినాయుడిని పెట్టమని నేను ఎవరినీ బలవంతపెట్టను. మన సంప్రదాయంలోనే రెండు మూడు పేర్లు కలిపి పెట్టే వెసులుబాటు ఉంది. వెంకట, సత్య, సూర్య అని ఒకదాని పక్కన ఒకటి చేర్చుకుంటూ పోయిన జాతి మనది. అందులో ఒక అప్పలకు, ఒక కూర్మకు, ఒక పైడికి చోటు దొరక్కపోదు. సంఖ్యాశాస్త్రం చెప్పిందని పేరులో అక్షరాలు పెంచడానికి ఒప్పుకున్న తల్లిదండ్రులు తాతగారి దేవుడి కోసం రెండు అక్షరాలు ఒప్పుకోలేరా?

తొందర కూడా అక్కరలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేలోగా పేరు చెప్పాలేమో అని చాలామంది కంగారుపడి ఫోన్ తెరుస్తారు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం కింద బిడ్డ పుట్టుకను పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు, తర్వాత 12 నెలల దాకా రుసుము లేకుండా, 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. ఆ మొదటి ఏడాదిలో ఒక మధ్యాహ్నం ఇంట్లోని ముసలమ్మ దగ్గర కూర్చుని, తాతకూ ముత్తాతకూ ఆ పేర్లు ఎవరు పెట్టారో, ఏ కొండకు మొక్కుకున్నారో, అంతకుముందు ఎందరు పిల్లలు పోయారో, తవుడు పోసి కొన్నది ఏ ఇంటి ఆడబిడ్డో అడిగి, తారీఖు వేసి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. పేరు ఎంచుకోవడం ఆ తర్వాత చూసుకోవచ్చు.